తడిలో ఎండిన నారు

కోటబొమ్మాళి దగ్గరి నారుమడి గట్టున విశ్రాంత సైన్సు మేష్టారొకరు ఆగారు. మడిలో నీరు నిలిచే ఉన్నది. కొత్తరకం ఐఆర్ ఎనిమిది వరి నారు మాత్రం వాడిపోయి తలలు వాల్చింది. దానిని పోసిన రైతు ఇల్లాలు ఆయనకు ఎదురొచ్చింది.

“మా బావ పెళ్లాం, యారాలు జగ్గమ్మ దిష్టి కన్నండి బాబూ. మొన్న ‘ఎంత పచ్చగున్నాదే’ అన్నాది. తెల్లారేసరికి ఇలగైపోనాది. నా గడప తొక్కొద్దని సెప్పీసినాను.”

“ఎరువేమైనా వేశావా?”

“అమ్మోనియా ఎరువండి. గ్రామసేవకుడు రెండు సేర్లు సాలన్నాడు. బేగి ఎదుగుతాదని సగం బస్తా జల్లీసినాను.”

“మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తావు. మర్నాటికి జాడీలో ఊట ఎక్కడిది?”

“ముక్కల్లోదేనండి. ఉప్పు లాగీస్తాది.”

“వేరులోని ప్రతి కణానికీ సన్నని పొర ఉంటుంది. నీరు దానిని సులువుగా దాటుతుంది. ఉప్పు అలా దాటలేదు. బయట ఉప్పు చిక్కబడితే లోపలి నీరే బయటికి పోతుంది. నీ ఎరువూ ఒక ఉప్పే.”

ఆమె వంగి ఒక మొక్కను వేళ్లతో నిలబెట్టి చూసింది.

“బతుకుతాదేటండి?”

“ఈ నీరు వదిలేసి, రెండు మూడుసార్లు కొత్త నీరు పెట్టి తీసెయ్యి. సగమైనా తేరుకోవచ్చు.”

“జగ్గమ్మకి మీరే సెప్పండి బాబూ, సదువుకున్నోరు.”

“నారు సంగతి నేను చెప్పగలను. గడప సంగతి నువ్వే చెప్పాలమ్మా.”

ఆమె పారతో గట్టు తెగ్గొట్టి నీటిని వదిలింది. పక్క మడిలో వంగి ఉన్న జగ్గమ్మవైపు తిరిగి, సిగ్గు విడిచి కేకవేసింది:

“అప్పా! నీ కన్ను కాదే, నా సెయ్యే! ఓపాలి ఇలగ రాయే!”