చూసినోనికీ పాలు

సౌదీలోని దమ్మామ్ లేబర్ క్యాంపులో శుక్రవారం క్రికెట్ గెలిచిన జట్టుకు కంపెనీ పొట్టేలిచ్చింది. గురవయ్య దాన్ని వండుతుంటే ఆ వాసనకు సముద్రంలో చేపలు ఒడ్డుకొచ్చి తొంగిచూశాయి. దిగులల్లా మొండయ్యకే. అతను ఆడలేదు, నీళ్లట్యాంకు నీడన కూర్చుని చూశాడంతే. ఆడినవాళ్లకే కూర అన్నారు. ఊరు వదిలినప్పటి నుంచి ఇలాంటి కూర ఎరగని నాలుక ఊరుకుంటుందా? టీ గ్లాసు పట్టుకొని వంటగదిలో వాళ్ల మధ్య చేరాడు.

“మా ముత్తాత తెరచాప ఓడల మీద పనిచేసిండు, ఎర్కేనా?”

“జగిత్యాలల ఓడలెక్కడియన్నా?” అన్నాడు బ్యాటు తుడుచుకుంటున్న రమేష్.

“గోదారి యాడికి వోతది? సముద్రంలకే గదా! ఇను. గా కాలంల లడాయిల శత్రువు ఓడను పడితే, అమ్మి పైసలు పంచుకునేటోళ్లు. ఎనిమిది పాళ్లు జేస్తే మూడు కెప్టెన్‌కే. ఖలాసీలందరికీ కలిపి రెండు. కానీ ఒక కానూన్ ఉండె. పట్టేటప్పుడు కనుచూపు మేరల ఇంకో ఓడ ఉంటే దానికీ పాలు! దాన్ని జూసే గదా శత్రువు జడుసుకునేది?”

“అబ్బో!” రమేష్ దగ్గరికి జరిగాడు.

“మా ముత్తాత ఆమడ దూరం నుంచి చూసిండు. ముత్యాల ఓడ! ఆయన పాలు కుంచాలతోని కొలిచిండ్రు. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? రెండో ఓడను వంద ఆమడల నుంచి చూసిండు. దానికీ పాలే! మూడోదానికైతే ఇంటికొచ్చి, గడప మీద కూసోని, ఒక్క కన్ను చిట్లించిండు. అక్కడ సముద్రంల శత్రువు గజగజ వణికి, ‘గా కన్ను మూసుకోమనుండ్రి, ఓడిచ్చేస్త’ అని మొత్తుకున్నడు! గా సొమ్ము తెచ్చే బండ్ల వరుస ఎంత పొడుగంటే, ముందు బండిని మా తాత చూసిండు, ఆఖరి బండి ఇంకా దారిలనే ఉంది.”

గురవయ్య చేతిలో గంటె ఆగిపోయింది. ముత్తాత పేరైనా తెలియని మొండయ్యకు కూడా, ఆ చిట్లించిన కన్ను ఎదురుగా కనబడి ఒళ్లు జలదరించింది.

“అంటే, చూసినోనికీ పాలుంటదంటవ్,” అన్నాడు గురవయ్య నెమ్మదిగా.

“ఉండకెట్ల? నేను ట్యాంకు కాడ్నించి గుడ్లురిమినందుకే గదా వాళ్ల బౌలర్ చెయ్యి వణికింది!”

గురవయ్య వెళ్లి తలుపు బార్లా తెరిచాడు. ఓడిపోయిన రాస్ తనూరా జట్టు బయట బస్సు కోసం ఎదురుచూస్తోంది.

“లోపలికి రాండ్రి తమ్మీ! మొండన్న కంటే మీరే దగ్గర్నుంచి చూసిండ్రు. ముందుగాల మీ పాలు.”

“గా కానూన్ ఓడలకేరా, మనుషులకు గాదు!” అని మొండయ్య లేచి అరిచేసరికి, గంటె గిన్నె అడుగు గీకుతోంది.