ఉప్పేదో, పొటాషేదో

నందివాడలో ఏలియా చెరువులో రొయ్యలు పొటాషియం చాలక బిగుసుకుపోతున్నాయి. పొటాష్, ఉప్పు బస్తాల మీద పేర్లేమో వానకి చెరిగిపోయాయి. గుడివాడ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే చెల్లెలు కెజియా పరుగున వచ్చి, ఒక్కో బస్తాలోంచి చిటికెడు తీసి స్టవ్ మంటలో పెట్టింది.

"రెండూ తెల్లనే, రెండూ నీళ్లలో కరుగుతాయి. మంటా రెండింటికీ పసుపేనే! సాయంత్రందాకా ఆగితే చెరువంతా పోద్ది," అన్నాడు ఏలియా.

"పొటాష్‌లో కాస్త ఉప్పు కలిసుంటుంది అన్నయ్యా, దాని పసుపే పైకి కనిపిస్తుంది. కాలేజీ నుంచి తెచ్చిన ఈ నీలం గాజుపలక ఆ పసుపుని ఆపేస్తుంది. ఇందులోంచి చూడు."

"మొదటిదాని రంగు పోయింది. రెండోది... వంకాయపూవు రంగు."

"అదే పొటాష్."

ఆమె మాట పూర్తయ్యేలోగా ఏలియా బస్తా భుజానికెత్తుకున్నాడు.

మర్నాడు అతను ఫోన్ చేశాడు.

"మేత తిన్నాయో లేదో చూద్దామని చెక్‌ట్రే పైకి లాగాను కెజియా. రొయ్య ఎగిరొచ్చి నా చొక్కా జేబులో పడింది."