కొమురమ్మక్క చెప్పిన రేటు

ఏందీ, పసిపిల్లకు నీళ్లు పోసే ఆమె రోజుకు ఐదు వందలు అడిగిందా? అడగనీ బిడ్డా. కూసో, చెప్త. మా కొమురమ్మక్క గదే పని చేసేది. ఈడనే, రహమత్ నగర్ల. బాలింతకు, పసిగుడ్డుకు నూనె రుద్ది నీళ్లు పోసుడంటే ఆమెనే. మధురానగర్ల ఒక ఇంట్ల నలభై రోజులు పోసింది. రేటు మాట్లాడుకోలే. 'చూసి ఇస్తంలే' అన్నరు. చూసి చూసి ఒక పాత చీర, డజను అరటిపండ్లు చేతుల పెట్టిన్రు. గా చీర కట్టనే లేదు పాపం, కిరోసిన్ స్టవ్వు తుడిసింది దాంతోని. ఏడిదాక చెప్పిన? ఆ, ఎనభై ఎనిమిదో సంవత్సరం. జూబ్లీహిల్స్ల ప్రొడ్యూసర్ త్రినాథరావు సారు బంగ్లల నేను వాచ్‌మెన్. సారు బిడ్డ లీలాకుమారమ్మకు కాన్పయింది, ఆడపిల్ల. సారు భార్య శ్యామలాదేవమ్మ 'నర్సింహా, నీళ్లు పోసే మనిషెవరైనా ఉన్నారా?' అంటే నేనే అక్కను తోల్కపోయిన.

పెరట్ల నీళ్లు కాగినయ్. అక్క పీట మీద కూసొని కాళ్లు చాపింది. అమ్మగారు పిల్లను అందియ్యబోతే చెయ్యి చాపలే. 'తల్లికి, పిల్లకు కలిపి రోజుకు పదిహేను అమ్మా' అన్నది. అమ్మగారి మొఖం మారింది. 'ఒంటి మీద బట్టల్లేక బిడ్డ ఏడుస్తుంటే ఇప్పుడా బేరం?' 'బిడ్డ చేతులకొచ్చినంక నాకు నోరు లేవదమ్మా. గందుకే ముందుగాల అడుగుతున్న.' 'మీ తమ్ముడు రోజంతా గేటు దగ్గర నిలబడితే నెలకి నాలుగొందలిస్తున్నాం. నీకు గంట పనికి నాలుగొందల యాభయ్యా?' 'వానికి తక్కువిస్తున్నరని నాకు తక్కువిస్తరా?' పిల్ల కేర్ కేర్‌మంటున్నది. అమ్మగారు నా దిక్కు చూసింది చూడు, గా చూపుకు నా నౌకరి పోయినట్టే అనుకున్న. ఇంట్ల ముగ్గురు పిల్లలు, కిరాయి ఇల్లు. 'పది చాలమ్మా, మా అక్క చేస్తది' అన్న. నేనే అన్న బిడ్డా, ఈ నోటితోనే.

అక్క లేసింది. చీర దులుపుకొని సీదా గేటు దాక పోయింది. ఎన్క ఉరికితే, 'నా కష్టానికి రేటు చెప్పెటానికి నువ్వెవనివిరా?' అన్నది. ఒర్రలే, మెల్లగనే అన్నది. ఎన్కనుంచి అమ్మగారు 'పన్నెండు!' అన్నది. అక్క నిలవడ్డది గని తిరగలే. గప్పుడు లీలాకుమారమ్మ గోడ పట్టుకుంట బయటకొచ్చింది, పచ్చి బాలింత, నిలవడ చాతనైతలేదు. 'ఊరుకో అమ్మా. పదిహేను నేనిస్తా. రా కొమురమ్మా, నీళ్లు చల్లారిపోతున్నాయి' అన్నది. గప్పుడు తిరిగింది అక్క. నలభై రోజులు పోసింది. నా ముంగటనుంచే వచ్చుడు, పోవుడు. ఒక్క మాట లేదు.

ఆఖరి రోజు గేటు కాడ ఆగి, 'నీ జీతం నువ్వు అడుగుర. ఇంకెవలు అడుగుతరు?' అన్నది. దసరా దాక ధైర్యం రాలే నాకు. అడిగిన. అమ్మగారు నవ్వింది, 'మీ అక్క నేర్పిందా?' అని. 'లేదమ్మా, గామెతోని నాకు మాటల్లేవు' అన్న. యాభై పెంచిన్రు. అక్క ఇంటికి పోయి చెప్తే మస్తు ఖుష్ అయింది. కోడిని కోసింది. 'మా తమ్ముడు నోరు తెరిచిండు' అని గల్లీల అందరికి చెప్పుకున్నది. నేను తింట కూసున్న. తొంభై ఏడుల పోయింది అక్క. మాటల్లేవని నేను అమ్మగారితోని అన్నది మాత్రం అక్కకు చెప్పనే...

జర గా కిటికీ ముయ్యి బిడ్డా, దుమ్ము వస్తున్నది.