నెవాల్బాల మనవడు

మగపిల్లాడు పుట్టాడని తలుపుకు నీలి రిబ్బను కడుతున్న ముసలాయన, లోపల బిడ్డనెత్తుకున్న కూతురి మాట విని చెయ్యి ఆపేశాడు.

“ఏమన్నావే? వీడికి మన ఇంటిపేరా?”

“అవును నాన్నా. నెవాల్బా.”

“మీ ఆయన ఊరుకున్నాడా?”

“మా రొస్సీ ఇంటిపేరోళ్లు వీధికి పదిమంది, ఒకడు తగ్గితే ఇటలీకేం నష్టమన్నాడు. నెవాల్బాలంటే దేశం మొత్తానికి మన ఒక్క ఇల్లేగా!”

“అయినా ఇంటిపేరు తండ్రి నుంచి కదే రావాలి?”

“మన మూలపురుషుడికి తండ్రెవరు నాన్నా? మంచు కురిసిన వేకువన మఠం గుమ్మంలో ఎవరో వదిలేసిన పసిగుడ్డు. మంచునీ వేకువనీ కలిపి ఆ పేరు పెట్టింది సన్యాసినమ్మ. ఆడదేగా?”

ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

“శాలువా చుట్టి ఇలా తే వాణ్ణి. చర్చి దాకా ఎత్తుకెళ్తా.”

“మరి రిబ్బను?”

“అది దారిన పోయేవాళ్లకే కనబడుతుంది. నెవాల్బా పుట్టాడని నా నోట ఊరంతా వినాలి!”