చేరేవాడే అన్న తీర్పు

వెయ్యి తొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం మార్చి ఆరవ తేదీ ఉదయం, మైదానంలో గడ్డి మీద తడి ఇంకా ఆరకముందే, బేస్‌బాల్ లీగ్ అంపైర్ల విభాగంలో కనిష్ఠ శ్రేణి అంపైరుగా విధుల్లో చేరిన మన పెద్దలు, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. కార్యాలయపు రికార్డుల్లో వేరే పేరున్నా, ఆటగాళ్లకూ సహోద్యోగులకూ చివరికి జీతాల గుమాస్తాకూ ఆయన ‘నిదానం గారు’. బంతి పడీ పడగానే చెయ్యెత్తే అలవాటు ఆయనకు మొదటినుంచీ లేదు. కళ్లెదుట జరుగుతున్నది పూర్తిగా ముగిసేదాకా చూసి, ఒక ఊపిరి తీసుకుని, అప్పుడు నోరు విప్పేవారు. ఆ ఊపిరి వ్యవధిలో ప్రేక్షకులు ఆయనకు సమర్పించిన విశేషణాలు ఈ సంచికలో అచ్చు వేయదగినవి కావు.

విభాగంలోని సీనియర్ అంపైరు ఒకరు ఆయనకు గురుస్థానీయులు. మిగతా శిష్యులందరూ బంతుల వేగాన్ని అంచనా వేయడంలో పోటీ పడుతుండగా, నిదానం గారి మనసు మాత్రం అడ్డంకులకు సంబంధించిన నిబంధనల దగ్గరే నిలిచిపోయింది. బంతిని కొట్టిన ఆటగాడు మూడు బేస్‌లనూ వరుసగా తాకి, బయలుదేరిన హోమ్ బేస్‌కే తిరిగి చేరితే ఒక పరుగు లభిస్తుంది. కొట్టిన బంతిని అందుకోబోతున్న ఫీల్డరుకు పరుగెత్తేవాడు అడ్డం వస్తే అది ఇంటర్‌ఫియరెన్స్. ఆట అక్కడే ఆగిపోతుంది, పరుగెత్తేవాడు ఔట్ అవుతాడు. చేతిలో బంతి లేకుండా, దాన్ని అందుకునే పనిలోనూ లేకుండా, ఫీల్డరే పరుగెత్తేవాడి దారికి అడ్డం వస్తే అది అబ్‌స్ట్రక్షన్. అప్పుడు ఆట వెంటనే ఆగకపోవచ్చు. అంపైరు తాను చూశానని చెయ్యి చాచి తెలిపి, ఆట సాగనిచ్చి, అంతా అయ్యాక, ఆ అడ్డమే లేకుంటే అతను ఎందాకా చేరేవాడో నిర్ణయించాలి. జరిగినదాన్ని చూడటానికి కళ్లు చాలు. జరగకుండా పోయినదాన్ని తూచడానికి ఏం కావాలో ఏ శిక్షణలోనూ చెప్పరు.

ఉద్యోగపు తొలినాళ్లలోనే, దొర్లివస్తున్న బంతి కోసం వంగిన ఫీల్డరును ఒక ఆటగాడు పరుగెత్తుతూ వచ్చి ఢీకొన్నాడు. ముక్కు పగిలి రక్తం కారింది పరుగెత్తినవాడికే. నిదానం గారు ఒక చేత్తో తన రుమాలు అతనికి అందిస్తూనే, రెండో చేత్తో ఔట్ అని చూపించారు. “దెబ్బ తగిలినోడికే శిక్షా? నీకు మనసుందా?” అని గ్యాలరీ అంతా గగ్గోలు పెట్టింది. రుమాలు తిరిగి రాలేదు గానీ, ఆ ఏడాదే ఆయనకు పదోన్నతి వచ్చింది.

తరువాతి దశాబ్దంలో ఆయన ప్రధాన శ్రేణికి ఎదిగి, ఫైనల్ మ్యాచ్‌లకు నియమితులయ్యే స్థాయికి చేరుకున్నారు. ఆ ఫైనల్స్‌లో ఒకదాన్ని గురించి చెప్పకుండా ఆయన గురించి రాయడం సాధ్యం కాదు.

ఆతిథ్య జట్టు ఒక్క పరుగు ఆధిక్యంలో ఉంది. ప్రత్యర్థుల చివరి ఇన్నింగ్స్‌లో, ఇంకొక్కరు ఔటైతే ఆట ముగుస్తుందనగా, ఒక ఆటగాడు బంతిని కుడి మూలకు బలంగా కొట్టి పరుగందుకున్నాడు. అతను మొదటి బేస్ దాటి మలుపు తిరిగే చోట, అక్కడి ఫీల్డరు బంతి ఎటు పోయిందా అని తల తిప్పి చూస్తూ దారిలోనే ఉండిపోయాడు. భుజాలు తగిలాయి. పరుగెత్తేవాడు తూలి, నిలదొక్కుకుని, మళ్లీ పరుగెత్తాడు. మొదటి బేస్ దగ్గర విధుల్లో ఉన్న నిదానం గారు చెయ్యి చాచారు. ఆ చేతిని గమనించే తీరిక అక్కడ ఎవరికీ లేదు. అతను రెండో బేస్, మూడో బేస్ దాటి హోమ్ మీదికి దూకేసరికి, అరడుగు ముందు బంతి అక్కడికి చేరింది. హోమ్ దగ్గరున్న అంపైరు, అనగా గురువుగారే, ఔట్ ప్రకటించారు. ఆతిథ్య జట్టు గెలిచేసింది. టోపీలు గాల్లోకి లేచాయి. ఆటగాళ్లు ఒకరి మీద ఒకరు పడి కేరింతలు కొడుతున్నారు.

ఆ సంబరం మధ్యలోంచి నడుచుకుంటూ నిదానం గారు హోమ్ దగ్గరికి వెళ్లారు.

“చూశావా?” అన్నారు గురువుగారు.

“చూశానండీ.”

“ఎంత పోయింది వాడికి?”

“అడుగు పైనే పోయింది.”

“అది లేకపోతే చేరేవాడా?”

ఎప్పటిలాగే ఒక ఊపిరి తీసుకుని, “చేరేవాడే” అన్నారు.

“సరే. పద, చెప్దాం. నేను పక్కనే ఉంటా.”

పరుగు ఇచ్చారు. స్కోరు సమమైంది. మైదానం ఒక్కసారిగా చల్లబడి, వెంటనే భగ్గుమంది. అదనపు ఇన్నింగ్స్‌లో ఆతిథ్య జట్టు ఓడిపోయింది. అంపైర్లను వెనక ద్వారం గుండా బయటికి తీసుకువెళ్లవలసి వచ్చింది.

విచారణ సంఘం ఆయన్ను పిలిపించింది. “ఆ ఫీల్డరు కావాలనే అడ్డం వచ్చాడంటారా?” అని అధ్యక్షులు అడిగారు.

“లేదండీ. పాపం, బంతిని చూస్తూ ఉండిపోయాడు.”

“మరి ఆ రన్నరు చేరేవాడని మీకెలా తెలుసు?”

“తెలియదండీ. అంచనా వేశాను. అది వెయ్యమనే కదా నన్ను అక్కడ నిలబెట్టారు.”

నిబంధన వర్తింపులో దోషం లేదని సంఘం తేల్చింది. అయినా ఆ మరుసటి సీజను నుంచి ఆయన్ను పాఠశాలల పోటీలకు పంపారు. ఆ నిర్ణయపు మంచిచెడ్డల చర్చకు ఇది సందర్భం కాదు. ఆయన పల్లెత్తు మాట అనలేదు. ఇంట్లో మాత్రం అన్నం ముందు కూర్చున్నా మనసు ఆ ఆట దగ్గరే ఉండేది. మందుల దుకాణం నడిపే ఆయన సతీమణి ఒకనాడు ఉండబట్టలేక, “తప్పు చెప్పాననిపిస్తోందా మీకు?” అని అడిగారు. “అడ్డం వచ్చింది నిజం. దాంట్లో అనుమానం లేదు. చేరేవాడే అన్నాను చూడు, అక్కడే తిరుగుతోంది బుర్ర” అన్నారాయన.

ఆ ఫీల్డరు పరిస్థితి అంతకన్నా దుర్భరం. ఊరంతా అతనికి ‘గోడ’ అని పేరు పెట్టింది. జట్టు అతన్ని వదులుకుంది. రెండేళ్లు గడిచాక ఒక సెలవు రోజు మధ్యాహ్నం అతను వెతుక్కుంటూ నిదానం గారి ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

“ఒక్క మాట అడిగి పోతానండీ. వాడు నిజంగా చేరేవాడేనా?”

“తెలియదు నాన్నా. ఆ రోజు చేరేవాడే అనిపించింది, ఇవాళ్టికీ అనిపిస్తూనే ఉంది. అంతకుమించి నా దగ్గర లేదు.”

“అంటే నా తప్పు వల్లే కదా మావాళ్లు ఓడిపోయింది?”

“అడ్డం వచ్చావన్నాను. తప్పు చేశావని నేనెప్పుడన్నాను? ఆ రెండూ ఒకటి కాదు. ఒకటే అయితే నేనీ ఉద్యోగం ఒక్క రోజు కూడా చెయ్యలేను.”

అతను గుమ్మంలోనే నిలబడి తల వంచుకున్నాడు. అప్పుడే వంటింట్లోంచి టీ తెస్తున్న ఇల్లాలు ఆగి, “చేతిలో ఏమీ లేకుండా దారికి అడ్డం నిలబడకు బాబూ. మా ఆయన చూశారంటే మళ్లీ చెయ్యి చాస్తారు” అన్నారు. అతను మొదట బిత్తరపోయి చూశాడు. తర్వాత నవ్వు ఆపుకోలేక గుమ్మం మీదే చతికిలబడ్డాడు. నిదానం గారు సైతం నవ్వారు. ఫైనల్ తర్వాత ఆ ఇంట్లో ఆయన నవ్వు వినబడటం అదే మొదలని ఆయన కుమార్తె చెబుతుంది. ఆ మరుసటి సీజనుకు అతను ఒక చిన్న జట్టులో చేరి, మళ్లీ మొదటి బేస్ దగ్గరే నిలబడ్డాడు.

కాలక్రమంలో నిదానం గారు ప్రధాన శ్రేణికి పునర్నియమితులై, చివరి సంవత్సరాల్లో కొత్త అంపైర్లకు శిక్షణాధికారిగా వ్యవహరించారు. ‘చేరేవాడే’ అనడానికి ముందు రన్నరు ముఖం చూడొద్దనీ, కాళ్లు చూడమనీ ఆయన బోధించేవారు. ఆయన చివరి మ్యాచ్‌లో వివాదం ఏదీ తలెత్తలేదు. బంతులు వచ్చాయి, వెళ్లాయి. ఎవరూ ఎవరికీ అడ్డం రాలేదు. ఆయన టోపీ తీసి, మోకాళ్లు రుద్దుకుంటూ మైదానం విడిచారు.

భర్తను నలుగురూ తిడుతుంటే విని కూర్చోలేక, ఆయన సతీమణి ఇంతకాలం మైదానం ముఖం చూడలేదు. రాబోయే సీజనుకు దంపతులిద్దరికీ మన విభాగం తరఫున గ్యాలరీలో రెండు సీట్లు కేటాయించడమైనది. ఇన్నేళ్లూ నిలబడి చూసిన ఆటను ఆయన ఇక హాయిగా కూర్చుని చూడాలనీ, అరిగిన మోకాళ్లకు ఉపశమనమూ, ఇరువురికీ పరిపూర్ణ ఆరోగ్యమూ, నిండు నూరేళ్ల ఆయుష్షూ కలగాలనీ, అంపైరు ఇచ్చిన తీర్పు నచ్చనినాడు ఆయన కూడా లేచి నిలబడి అందరితోపాటు నోరారా అరవాలనీ, ఆ అరుపులు పడవలసిన మేమందరం మనసారా కోరుకుంటున్నాము.