కాజాల పిన్ని దాచని మాట

ఆ ఫోటోలో చివరన, కళ్లు మూసుకుని నిలబడ్డావిడా? ఆవిడ కాజాల పిన్ని. కూర్చో అమ్మడూ, రెండు ముక్కల్లో చెప్పేస్తాను. అసలు పేరు నాకే కాదు, ఆవిడ మొగుడికే గుర్తుండేది కాదు. చొక్కాలకి కాజాలు కుట్టేది కనక కాజాల పిన్ని. మా బావ, అంటే మా అక్క మొగుడు, దర్జీ. ఆయన దుకాణంలో ముప్పయ్యేళ్లు కుట్టింది. మా బావ మెళ్లో టేపుతోనే నిద్రపోయేవాడు. 'ఈయనకి నా మొహం గుర్తుండదు గానీ నడుము కొలత మాత్రం నలుగురిలో చెబుతాడు' అని మా అక్క తిట్టుకునేది. ఆ కొలత ఎంతో ఇప్పుడు చెప్పనులే, పోయిన మనిషి, పగబడుతుంది. నేనా? నేనక్కడ బెంచీ మీద కూర్చుని పేపరు చదివేవాణ్ణి. ఎవరో ఒకరు చదవాలిగా.

ఎక్కడున్నాం? ఆఁ, దుకాణం. మధ్యాహ్నం మూడింటికి ఎండ వీధి కిటికీలోంచి వాలుగా వచ్చేది. ఆ ఎండలో దారాల నూగు తేలుతుండేది, కిందికి దిగడానికి తనకేం తొందర లేదన్నట్టు. మూడు మిషన్లు ఒక్కసారే ఆడుతుంటే ఎక్కడో దూరంగా వాన పడుతున్నట్టుండేది. ఇప్పటికీ కునుకు పడితే నాకా వానే వినిపిస్తుంది. గుడ్డ కత్తిరించే బల్ల కింద, ముక్కల పోగు మీద, మా అక్కా బావల కూతురు పడుకుని ఉండేది. పదిహేనేళ్లు. అంతకు ముందేడు దాకా నోరు మూతపడని పిల్ల. ఉన్నట్టుండి మాట తగ్గింది, తిండి తగ్గింది. బడి నుంచి రావడం, బల్ల కిందికి దూరడం. పిలిస్తే కాసేపాగి పలికేది, నీళ్ల అడుగునుంచి మాట పైకి రావాలన్నట్టు. ఇక వైద్యం చెప్పేవాళ్లకి కొదవా? 'ఒంట్లో రక్తం లేదు' అంది మా అక్క. 'పొగరు' అన్నాడు బావ. 'కళ్లజోడు పెట్టించండి' అన్నాడు ఎదురు కొట్టు తాళాలవాడు, ఎందుకో వాడికే తెలియదు. పెట్టించాం కూడా. జోడుతో సహా బల్ల కింద పడుకుంది. నేను 'వయసు' అన్నాను. ఏమీ తోచనప్పుడు నేననే మాట అదే.

పెరిగే పిల్లల బట్టలకి దర్జీలు కింద నాలుగు వేళ్ల గుడ్డ లోపలికి మడిచి కుడతారు, తెలుసా? పిల్ల ఎదిగితే విప్పుకోవడానికి. ఆ మడత వదలకుండా మా బావ ఏ పిల్లకీ కుట్టలేదు. ఆ ఏడు బడి గౌను తను కుట్టి, అంచు మాత్రం కుట్టుకోమని కూతురికిచ్చాడు. అది ఆ నాలుగు వేళ్ల గుడ్డా కత్తిరించి పారేసి, సన్నగా అంచు కుట్టి తెచ్చింది. బావ నిప్పు తొక్కిన కోతిలా ఎగిరాడు. 'దర్జీ కూతురివై ఉండి ఇదేం పనే! వచ్చే ఏడు ఏం తొడుక్కుంటావు?' 'వచ్చే ఏడుకి అక్కర్లేదు నాన్నా' అంది, మెల్లిగా, మర్యాదగా. 'విన్నారా, మహారాణిగారికి కొత్త గౌను కావాలిట!' అన్నాడు బావ. అందరం నవ్వాం. నేను కాస్త ఎక్కువే నవ్వాను.

పిన్ని నవ్వలేదు. గౌను ఒళ్లోకి లాక్కుని అంచు వెంట వేలు పోనిచ్చింది. ఎక్కడా వంకర లేదు, ముడులన్నీ గట్టిగా ఉన్నాయి. తొందరలో చేసిన తప్పయితే కుట్టు ఇంత శ్రద్ధగా ఉండదు. బావ టీకి వెళ్లగానే, మోకాళ్ల నొప్పుల మనిషి, బల్ల కిందికి పాకి ఆ పిల్ల పక్కన పడుకుంది. నేను పేపరు అడ్డం పెట్టుకుని విన్నాను, ఎప్పుడూ చేసే పనే. 'చచ్చిపోవాలనుందా అమ్మా?' అని అడిగింది, ఆకలేస్తోందా అని అడిగినట్టు. పేపరు జారిపోయింది నా చేతిలోంచి. పిల్లలతో అనే మాటేనా, లేని ఆలోచన పుట్టించడం కాదూ అనుకున్నాను. ఆ పిల్ల 'ఊఁ' అంది. ఆ ఆలోచన అప్పటికే ఉంది మరి. ఆ తర్వాత మొదలెట్టింది చూడు, ఏడాది పాటు దాచిన మాటలు. ఎవరూ ఏమీ అనలేదట. ఏమీ జరగలేదట. పొద్దున లేస్తే మనుషులంతా అద్దానికి అవతల ఉన్నట్టుంటారట. ఊరికే అలిసిపోతుందట. పిన్ని ఒక్క నీతి చెప్పలేదు, ఊఁ కొడుతూ తల నిమిరింది. చివరికి పిల్ల అంది, 'నాన్నకి చెప్పకు పిన్నీ, ఒట్టెయ్యి.' 'వెయ్యను. ఇదొక్కటీ దాచను. కావాలంటే తిట్టుకో' అంది పిన్ని.

బావ గుమ్మంలో అడుగుపెట్టీ పెట్టకముందే చెప్పేసింది. ఆయన మెళ్లో టేపు తీసి పక్కన పెట్టాడు. బల్ల కిందికి వంగి 'రా తల్లీ' అన్నాడు. ఆ పూట దుకాణం మూసి ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ దాన్ని కూర్చోబెట్టి గంటన్నర మాట్లాడింది, ఒంటరిగా వదలొద్దంది, వారం వారం రమ్మంది. ఏడాదిన్నర తిరిగారు. పిన్ని ప్రతిసారీ వెంట వెళ్లేది. ఆసుపత్రి బెంచీకి ఆ చివర పిల్ల, ఈ చివర పిన్ని. 'ఆవిడ పక్కన కూర్చోను' అంది పిల్ల. ఆ రోజు నుంచి పిన్నితో మాట మానేసింది. మా అక్క బతిమాలబోతే పిన్నే అడ్డుపడింది. 'ఉండనివ్వండి. కోప్పడ్డానికైనా మనిషి ఉండాలిగా' అంటూ దారం నోట్లో తడుపుకుని సూదిలోకి ఎక్కించుకునేది. ఫలానా రోజున తగ్గిందని చెప్పలేను. ఓ మధ్యాహ్నం చూస్తే బల్ల కింద ఎవరూ లేరు.

పెద్దయ్యాక కలిసిపోయారనుకుంటున్నావు కదూ? మేమూ అలాగే అనుకున్నాం. పిన్ని పోయి ఇరవయ్యారేళ్లు. మంచాన పడ్డ మూడు నెలలూ ఆ పిల్లే వచ్చి స్నానం చేయించింది, తినిపించింది, తల దువ్వింది. ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు దానికి అరవై రెండు. కారు నేర్పే బడి నడుపుతోంది, ఊళ్లో సగంమంది దాని తిట్లు తిన్నవాళ్లే. మొన్న అడిగాను, ఇప్పటికైనా కోపం పోయిందా అని.

'చెప్పొద్దన్నాను. చెప్పింది' అంది.

ఆ కిటికీ వెయ్యమ్మా, దోమలొస్తున్నాయి.