రెబ్కమ్మ రాసుకున్న పేరు

ఎవరూ, రెబ్కమ్మా? ఆ పేరు నీకెవరు చెప్పారే అమ్మీ... మీ అమ్మా? చెప్పుద్ది, చెప్పుద్ది. ఇట్టా కూర్చో మరి, మిరపకాయల తొడిమలు తీస్తా విందువుగాని. కళ్ళకి చెయ్యి పెట్టబోకు, మండిపోద్ది. ఆవిడ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. వినుకొండ నుంచి సైకిలు మీద వచ్చేది. ఆ రోజుల్లో ఆడమనిషి సైకిలు తొక్కితే ఊరంతా వింతగా చూసేది. చేలన్నీ పత్తి విచ్చుకుని ఉంటే, ఆ మధ్యలో తెల్లచీర. ఏది పత్తో ఏది చీరో తెలిసేది కాదు నాకు. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ అట్టా వస్తానే ఉంటది, వస్తానే ఉంటది, ఊరు చేరదు. ఏం చెబుతున్నా? ఆఁ, పిల్లోడు. మీ అమ్మకన్నా ముందు నాకొక పిల్లోడు పుట్టాడు, నీకు తెలీదేమో. ఎనభై ఆరులో. నడుం దగ్గర వెన్నుపూస మూసుకోలా. నీళ్ళతిత్తి మాదిరి బయటికి ఉబ్బింది, కాళ్ళు కదిలేవి కాదు. మొహం మాత్రం అచ్చం మీ తాతదే. పదకొండు రోజులున్నాడు. మా అత్త ఏమంది, "గ్రహణం పూట కత్తిపీట ముట్టుకున్నావు, నీ మూలంగానే" అంది. ఊరంతా అదే మాట.

నెల తిరక్కుండా రెబ్కమ్మ వచ్చింది. ఇట్టాంటి పిల్లలు ఎందుకు పుడతారో పెద్ద డాక్టర్లు పరిశోధన చేస్తున్నారంట, ఊళ్ళమ్మట తిరిగి రాసుకుపోవడం ఈవిడ పని. ఏం తిన్నావు, ఏ నీళ్ళు తాగావు, చేలో మందు కొట్టేటప్పుడు అక్కడున్నావా, మేనరికమా, అన్నీ అడిగింది. ఆఖర్న "బిడ్డ పేరు?" అంది. పెట్టలేదన్నా. ఉండేవాడు కాదుగదా, పేరెందుకంది మా అత్త. రెబ్కమ్మ కలం మూసేసింది. "పేరు లేకుండా నేను రాయను జోహరా, ఆలోచించుకో" అని గోడకి చేరగిలబడి కూర్చుంది. ఎంతసేపో! ఎండ గుమ్మం దిగిపోయింది. అప్పుడు చెప్పా, పీరు అని. మా నాన్న పేరు. రాసింది. నాకు చదువు రాదుగా, ఎక్కడా అని అడిగితే నా వేలు పట్టుకుని ఆ అక్షరాల మీద పెట్టింది. "నాకూ ఒకడు పుట్టాడు జోహరా, ఇట్టాగే. నన్నెవరూ వచ్చి అడగలా" అంది.

ఇక మాత్రల సంగతి. మళ్ళీ కడుపు రాకముందు నుంచే రోజుకొకటి మింగాలంట. ఫోలిక్ మాత్ర. అది వేసుకుంటే బిడ్డ వెన్ను సరిగ్గా మూసుకుంటదేమోనని వాళ్ళ అనుమానం. సగం మందికి మందున్నది, సగం మందికి ఉత్తది. చూట్టానికి రెండూ ఒకటే, సీసా మీద నంబరు తప్ప. నాది మందేనా అన్నా. "నాకూ తెలీదు. తెలిస్తే నీకు మంచిది ఇచ్చెయ్యాలనిపిస్తది. అందుకే మాక్కూడా చెప్పరు" అంది. ఇష్టమైతేనే సుమా అని పదిసార్లు చెప్పి వేలిముద్ర వేయించుకుంది. మీ తాత జిన్నింగు మిల్లు నుంచి ఒళ్ళంతా పత్తి నుసితో వచ్చి, "ఉత్తదైతే మింగడం దేనికంట?" అన్నాడు. నేను మాత్రం మింగా. మింగాననుకో, ఒక నెల మనసు విరిగిపోయి మింగలా. ముప్పై మాత్రలూ గేదె కుడితిలో పోసేసి, అన్నీ వేసుకున్నానని చెప్పా. ఆవిడ రాయబోయి నా మొహం చూసింది. "వేసుకోలేదని చెప్పు, నన్ను తిట్టు, ఫర్లేదు. అబద్ధం మాత్రం నాచేత రాయించబోకు. ఈ కాగితం నమ్మి ఎక్కడో ఇంకో పిల్ల మింగుద్ది" అంది. గేదె తాగిందని చెప్పా. నవ్వింది చూడూ... గేదె తాగిందనే రాసింది, నిజంగా!

మీ అమ్మ కడుపులో ఉన్నన్నాళ్ళూ నేను నేను కాదు. నీళ్ళు మోస్తున్నా పత్తి తీస్తున్నా, ఎక్కడో దూరాన నిలబడి నన్ను నేనే చూసుకుంటున్నట్టుండేది. కాన్పయ్యాక కళ్ళు తెరవలా నేను. చేత్తో తడిమా, మెడ నుంచి కిందికి. నున్నగా ఉంది. మళ్ళీ తడిమా.

మీ అమ్మకి మూడేళ్ళప్పుడు రెబ్కమ్మ వచ్చింది. గుమ్మంలో నిలబడే చెప్పింది, ఫలితం తేలింది, ఆ మందు పనిచేస్తదంట, ఇక అందరికీ అదే ఇస్తారంట. మరి నాది? "నీ సీసాలో మందు లేదు జోహరా. ఉత్తదే." అంటే మీ అమ్మ ఏ మందూ లేకుండా, దానంతట అదే బాగా పుట్టేసింది. బిడ్డ అట్టా బాగా పుట్టనోళ్ళూ ఉన్నారంట, నాలాంటి సీసాలే మింగినోళ్ళు. కనిగిరి వైపు ఒకామె, ఇంకోచోట ఇంకొకామె. "నా చేత్తోనే ఇచ్చా" అంది రెబ్కమ్మ. పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా అని అడిగి, గోంగూర పచ్చడేసి అన్నం పెట్టా. సగం తిని చాప మీద ఒరిగింది, అట్టే నిద్రపోయింది. మీ అమ్మ పోయి ఆవిడ పక్కన బోర్లా పడుకుంది. గౌను పైకి పోయి వీపంతా కనబడతా ఉంది. నిద్దట్లోనే ఆవిడ చెయ్యి జరిగి ఆ వీపు మీదకొచ్చింది. నేను లేపలా. మిల్లు కూత వేసింది, పొద్దు వాలింది... లేపలా.

...

అమ్మీ, మబ్బు పట్టింది చూడు. లే, కాయల మీద ఆ పట్టా లాగు.